పాత బాక్స్‌స్టర్‌కు వీల్ బోల్టులు: మూడు సెట్లు, ఆరేళ్ళ వాడకం

మరలో ఎక్కిన బోల్టల్లా ఆ చక్రానికి సరిపోయిన బోల్టు కాదు. విజయవాడ ఆటోనగర్‌లో పోర్షా బాక్స్‌స్టర్ స్పోర్ట్స్ కారుకు బోల్టులు అడిగితే ముందుగా చేతికొచ్చేవి స్కోడా ఆక్టేవియావో ఫోక్స్‌వ్యాగన్ పోలోవో. వాటి మర ఎం14, అంటే 14 మిల్లీమీటర్ల వ్యాసం; పిచ్, అంటే మర గీతల మధ్య దూరం, 1.5 మిల్లీమీటర్లు. పోర్షాదీ అదే. చేత్తో తిప్పితే నున్నగా దిగుతుంది, పానా వేస్తే బిగుస్తుంది. చూసినవాడికి ఏ అనుమానమూ రాదు.

తేడా మరలో లేదు, తల కింద గుండ్రంగా ఉండే సీటులో ఉంది. ఫోక్స్‌వ్యాగన్, స్కోడా, ఆడీ బోల్టుల సీటు వ్యాసార్ధం 13 మిల్లీమీటర్లు, పోర్షాది 14. ఈ ఒక్క మిల్లీమీటరే ప్రాణం తీస్తుంది. చిన్న గుండు పెద్ద గుంటలో కూర్చుంటే గుంట మొత్తాన్నీ తాకదు, అడుగున రంధ్రం అంచు దగ్గర సన్నని గీతలా ఆనుతుంది. బరువంతా ఆ గీత మీదే పడుతుంది. చక్రం అల్యూమినియం అక్కడ కొద్దికొద్దిగా నలిగేకొద్దీ బోల్టులో బిగువు తగ్గిపోతుంది. బిగించిన రోజు టార్క్ రెంచ్ (బిగింపు బలాన్ని కొలిచే పానా) సరిగ్గానే క్లిక్ మంటుంది, కొన్ని వందల కిలోమీటర్లు తిరిగాక చూస్తే బోల్టు సులువుగా కదులుతుంది. అప్పటికీ పట్టించుకోకపోతే చక్రం రంధ్రాలు కోలగా అరుగుతాయి. ఆ చక్రం ఇక పనికిరాదు.

అనుమానం తీర్చుకోవడానికి ఇంట్లో ఉన్న కాటుక చాలు. చక్రం సీటును గుడ్డతో శుభ్రంగా తుడిచి, బోల్టు గుండు మీద కాటుకను పలచగా పూయండి. పానాతో కొద్దిగా మాత్రమే బిగించి విప్పండి. చక్రం సీటులో చుట్టూ వెడల్పాటి నల్ల పట్టీ పడితే సీటు కలిసినట్టు. దారంలాంటి గీత పడితే ఆ బోల్టును పక్కన పెట్టేయండి. బయటి కంపెనీ అల్లాయ్‌లు వేసుకున్నవాళ్ళు ఈ పరీక్ష తప్పకుండా చేయాలి. వాటిలో చాలావాటికి 60 డిగ్రీల కోను సీటు ఉంటుంది, గుండు బోల్టు వాటికి పనికిరాదు. పోర్షా చక్రానికి కోను బోల్టూ అంతే. ఇంకో చిన్న గుర్తు: పోర్షా ఒరిజినల్ బోల్టుకు 19 సాకెట్ పడుతుంది, ఆక్టేవియా బోల్టుకు 17.

ఇక్కడ రాసేది 986 (1996–2004), 987 (2004–2012) అనే మోడల్ సంఖ్యల బాక్స్‌స్టర్ల గురించి. అదే కాలపు 996, 997 మోడల్ పోర్షా 911లకూ మర, సీటు ఇవే.

నేను వాడిన మూడు సెట్లలో మొదటిది క్రోమ్ పూతది. కొత్తలో తళతళలాడింది, రెండో వేసవికే సాకెట్ పట్టిన అంచుల్లో పూత పెచ్చులూడింది. సూర్యలంక బీచ్ వైపు రెండు మూడుసార్లు వెళ్ళొచ్చేసరికి ఆ పెచ్చుల కింద ఎర్రటి తుప్పు. ఇలాంటి గట్టి స్టీలు బోల్టుకు క్రోమ్ పూత పూశాక వేడి చేసి లోపలి హైడ్రోజన్‌ను పోగొట్టకపోతే స్టీలు పెళుసుబారే ప్రమాదమూ ఉంది. ఆ పని చేశారో లేదో పైకి చూసి చెప్పలేం. అందం కోసం ఈ రిస్క్ అనవసరం.

రెండోది నల్ల పూత సెట్, ఆర్14 (14 మిల్లీమీటర్ల వ్యాసార్ధం) సీటు, తల మీద 10.9 బలం గ్రేడు ముద్ర. గుండూ బోల్టూ ఒకే ముక్క. కొలతలన్నీ సరైనవే, మోసం లేదు. కానీ బిగించేటప్పుడు స్టీలు గుండు అల్యూమినియం సీటు మీదే తిరుగుతూ రాసుకుంటుంది. పదిసార్లు తీసి వేసేసరికి సీట్లలో గీతలు పడ్డాయి. గీతలు పడిన సీటులో ఘర్షణ ఒక్కో బోల్టుకు ఒక్కోలా ఉంటుంది, కాబట్టి రెంచ్ ఒకే అంకె దగ్గర క్లిక్ మన్నా అన్ని బోల్టుల్లో ఒకే బిగువు ఉండదు.

మూడోది కంపెనీ ఒరిజినల్, ఇప్పటికీ బండి మీద ఉన్నది ఇదే. దీని గొప్పతనమంతా తల కింద విడిగా తిరిగే గుండ్రటి రింగులో ఉంది. బోల్టు తిరుగుతుంటే రింగు చక్రానికి ఆనుకుని కదలకుండా నిలబడుతుంది. రాపిడంతా స్టీలుకూ స్టీలుకూ మధ్యనే జరుగుతుంది, సీటు నున్నగా మిగులుతుంది. ఖరీదు ఎక్కువే, అయినా పాత సెట్టు మార్చేవాళ్ళకు నేను వేరే మాట చెప్పను. టైటానియం బోల్టులకు బరువు తగ్గడం తప్ప రోడ్డు బండికి ఒరిగేదేమీ లేదు, పేస్టు లేకుండా బిగిస్తే మర పట్టేస్తుంది కూడా.

సెకండ్‌హ్యాండ్ ఒరిజినల్ సెట్ కొనేటప్పుడు ప్రతి బోల్టు రింగునూ బొటనవేలితో తిప్పి చూడండి. తిరగకపోతే కిరసనాయిల్లో ఒక రాత్రి నానబెట్టండి. అప్పటికీ తిరగకపోతే అది ఒకే ముక్క బోల్టుతో సమానం, తీసుకోకండి.

పేస్టు దగ్గరే ఎక్కువమంది పొరపాటు పడతారు. పోర్షా చెప్పేది అల్యూమినియం పేస్టు. మరకు, కాండానికి, తలకూ రింగుకూ మధ్య పలచగా రాయాలి. రింగులో చక్రాన్ని తాకే వైపు మాత్రం పొడిగా ఉండాలి. 130 న్యూటన్ మీటర్లు అన్న అంకె ఈ పేస్టు రాసిన బోల్టుకే. టార్క్‌నూ బిగువునూ కలిపే గుణకం (కె) 0.15 అనుకుంటే ఒక్కో బోల్టు దాదాపు 62 కిలోన్యూటన్లు, అంటే ఆరు టన్నులకు పైగా పట్టుకుంటుంది. పొడిగా బిగించి గుణకం 0.20కి పెరిగిందనుకుంటే అదే టార్క్‌కు 46 మాత్రమే. ఆక్టేవియా లెక్క దీనికి తిరగబడి ఉంటుంది: పొడిగా 120. దానికి పేస్టు రాసి 120 వేస్తే బోల్టు అవసరానికి మించి సాగుతుంది. తర్వాత వచ్చిన 981 మోడల్ బాక్స్‌స్టర్‌కు 160 చెబుతారు, ఆ అంకెను పాత బండికి తీసుకురాకండి. ఆటోనగర్ రెంచ్ కేజీ మీటర్లలో ఉంటే 13.3 దగ్గర పెట్టాలి.

పొడవు సంగతి. బోల్టు చేత్తో ఎక్కడం మొదలైన దగ్గర్నుంచి సీటుకు ఆనేదాకా కనీసం ఏడున్నర చుట్లు తిరగాలి. చక్రానికీ హబ్‌కూ మధ్య 5 మిల్లీమీటర్ల స్పేసర్ బిళ్ళ వేస్తే బోల్టు కూడా 5 మిల్లీమీటర్లు పెరగాలి. పెంచిన బోల్టును స్పేసర్ లేని చక్రానికి వేస్తే హబ్ వెనక్కి పొడుచుకొస్తుంది. వెనక చక్రాల్లో డిస్కు లోపల హ్యాండ్‌బ్రేక్ షూలున్నాయి, అక్కడ తగిలితే కష్టమే. ముందూ వెనకా పొడవులు వేరైతే తలల మీద వేర్వేరు రంగు చుక్కలు పెట్టుకోండి. బిగించాక చక్రాన్ని చేత్తో ఒక చుట్టు తిప్పి చెవి పెట్టి వినండి.

బిగించే ముందు హబ్ ముఖాన్ని వైర్ బ్రష్‌తో తోమాలి. హబ్ మరలు శుభ్రం చేయడానికి ట్యాప్ (మర కోసే పనిముట్టు) దించకండి, అది మర లోహాన్ని కోసేస్తుంది. పాత బోల్టు మర మీద నిలువునా హ్యాక్సాతో గాడి కోసి చేత్తో ఎక్కించి దింపితే మురికి ఆ గాడిలోకి వచ్చేస్తుంది. ఇంకో పాత బోల్టు తల కోయించి, లేత్ మీద నున్నగా చేయించి, చివర స్క్రూడ్రైవర్ గాడి పెట్టించుకుంటే గైడ్ పిన్ తయారు. చక్రాన్ని దాని మీద వేలాడదీసి మిగతా నాలుగు బోల్టులు ఎక్కించవచ్చు, డిస్కుకూ రంగుకూ దెబ్బ తగలదు.

అయిదు బోల్టులనూ ముందు చేత్తో ఎక్కించండి. తర్వాత నక్షత్రం వరుసలో 40, 80, 130. చివరి విడత చక్రం నేలకు ఆనాకే వేయాలి. ఎండలో తిరిగొచ్చిన వెంటనే కాదు, హబ్ చల్లారాక. పంక్చర్ షాపులో గాలి గన్‌తో విప్పనివ్వండి, బిగించడానికి మాత్రం ఒప్పుకోకండి. ఆ గన్ ఎంత బిగించిందో దాన్ని పట్టుకున్నవాడికీ తెలియదు. గుంటూరు వెళ్ళి వస్తే 70 కిలోమీటర్ల దాకా అవుతుంది, చల్లారాక మళ్ళీ ఒకసారి 130 చూడండి. ఒరిజినల్ సెట్టులో ఆ రెండో చెకింగ్‌లో ఏ బోల్టూ కదలలేదు. ఒకే ముక్క సెట్టులో ఒకటో రెండో ప్రతిసారీ కొద్దిగా తిరిగేవి.

బండికి మొత్తం 20 కావాలి: 16 మామూలువి, 4 లాక్ బోల్టులు. లాక్ తాళాన్ని ముందు డిక్కీలో టూల్ సంచిలోనే ఉంచండి, దాని కోడ్ నంబరు ఇంట్లో రాసి పెట్టుకోండి. సర్వీసుకిచ్చిన బండి తిరిగొచ్చినప్పుడు ముందుగా చూడాల్సింది ఆ తాళం ఉందో లేదో.