కొత్త బొగ్గు బ్లాకులు: సింగరేణి తవ్వితే మేలా, కాంట్రాక్టరా, వేలం గెలిచినవాళ్లా?

2021 డిసెంబరు 9 నుంచి మూడు రోజులు సింగరేణి గనులు ఆగిపోయాయి. కోయగూడెం బ్లాక్-3, సత్తుపల్లి బ్లాక్-3, శ్రావణపల్లి, కళ్యాణిఖని బ్లాక్-6లను కేంద్రం వేలంలో పెట్టినందుకు కార్మిక సంఘాలన్నీ కలిసి చేసిన సమ్మె అది. అప్పటి నుంచి మా కోల్‌బెల్ట్‌లో ఎక్కడ నలుగురు కూడినా ఒకటే మాట: సింగరేణిని ప్రైవేటుకు ఇచ్చేస్తారా? నాకైతే అది సగం ప్రశ్నే అనిపిస్తుంది. కంపెనీలో 51 శాతం వాటా తెలంగాణది, 49 శాతం కేంద్రానిది. రాష్ట్రం ఒప్పుకోకుండా అమ్మడం కుదరదు. 2022 నవంబరులో రామగుండం వచ్చినప్పుడు ప్రధాని చెప్పిందీ ఇదే. సరే, అమ్మరు. కానీ కొత్త బ్లాకులు ఇవ్వకపోతే, పాత గనుల్లో బొగ్గు అయిపోయాక కంపెనీ ఏం తవ్వాలి?

ముందు వేలం సంగతి చూద్దాం. దాన్ని కొట్టిపారేయడం న్యాయం కాదు. అంతకుముందు కంపెనీలకు బ్లాకులు పంచిన తీరు ఎంత అడ్డగోలుగా ఉందంటే, 2014లో సుప్రీంకోర్టు 200కు పైగా బ్లాకుల కేటాయింపులను రద్దు చేసింది. ఆ మరుసటి ఏడాది బ్లాకులను వేలం వేసే కొత్త చట్టం వచ్చింది. 2020లో ఎవరైనా తవ్వి ఎవరికైనా అమ్ముకునే కమర్షియల్ మైనింగ్ మొదలైంది. వేలం గెలిచినవాళ్లు 14 శాతం రాయల్టీ కాక, తమ ఆదాయంలో కోట్ చేసిన వాటా కూడా రాష్ట్రానికి కట్టాలి. అది కనీసం 4 శాతం. పోటీ పెరిగితే ఇంకా పైకి పోతుంది. ఖజానా వైపు నుంచి చూస్తే మంచి బేరమే.

ఆ లెక్కలో పడనిది ఒకటుంది. సింగరేణి బొగ్గులో ఎనభై శాతానికి పైగా ఓపెన్‌కాస్టుల (ఓసీల) నుంచే, అంటే మట్టి తొలగించి పైనుంచి తవ్వే గనుల నుంచే వస్తుంది. భూగర్భ గనుల్లో, అంటే బాయిల్లో, మనుషులు ఎక్కువ, బొగ్గు తక్కువ. టన్ను పైకి తేవడానికి అయ్యే ఖర్చు అమ్మే ధరను దాటిపోతుంది. ఓసీల లాభంతోనే ఆ బాయిలు నడుస్తున్నాయి. ఇప్పుడు కోయగూడెంలో, సత్తుపల్లిలో పాత ఓసీల పక్కనే ఉన్న బ్లాకులు బయటివాళ్లకు పోతే, లాభం వచ్చే బొగ్గు వాళ్లది, నష్టం వచ్చే బాయిలు సింగరేణివి అవుతాయి. ఒక గని మూతపడితే కార్మికుడిని ఇంకో గనికి బదిలీ చేయడం ఇన్ని గనులున్న కంపెనీకి సాధ్యం. బెల్లంపల్లిలో బాయిలు మూతపడ్డప్పుడు ఊరు చిన్నబోయిన మాట నిజం, కానీ కార్మికుల కొలువులు పోలేదు. వేరే గనుల్లో మస్టర్ పడింది. ఒక్క బ్లాకు కోసమే వచ్చిన కంపెనీ దగ్గర ఆ భరోసా ఎక్కడిది? నా వరకు వేలం దారి ఇక్కడే ఓడిపోయింది.

మధ్యలో మూడో దారి ఉంది. యాజమాన్యం సర్కారుది, తవ్వకం కాంట్రాక్టరుది. భూపాలపల్లి జిల్లా తాడిచెర్ల గని అలాంటిదే. అది రాష్ట్ర విద్యుత్ ఉత్పత్తి సంస్థ జెన్‌కోకు దక్కిన గని, తవ్వేది ప్రైవేటు సంస్థ, బొగ్గు చెల్పూరులోని కేటీపీపీ కరెంటు ప్లాంటుకు పోతుంది. కరెంటు ప్లాంటు కట్టి నడిపే జెన్‌కోకు గని పని చేతకాదు కాబట్టి అక్కడ ఈ పద్ధతిని అర్థం చేసుకోవచ్చు. వందేళ్లు దాటిన సింగరేణికి ఆ సాకు లేదు. అయినా ఓసీల్లో మట్టి తీసే పని, అదే ఓబీ, చాలావరకు కాంట్రాక్టర్ల టిప్పర్లే చేస్తున్నాయి. ఖర్చు తగ్గుతుందన్నది యాజమాన్యం వాదన. తగ్గుతుంది, నిజమే. ఎవరి దగ్గర తగ్గుతుందో 2024 దసరా లెక్కలు చెప్తాయి. ఆ ఏడాది లాభాల వాటా కింద 796 కోట్లు పంచారు. పర్మినెంట్ కార్మికుడికి సగటున 1.90 లక్షలు వచ్చాయి. కాంట్రాక్టు కార్మికుడికి 5 వేలు. అదీ కంపెనీ చరిత్రలో మొట్టమొదటిసారి. అదే క్వారీ, అదే దుమ్ము, అదే నైట్ షిఫ్టు. 1990ల మొదట్లో లక్ష దాటిన పర్మినెంట్ కార్మికులు ఇప్పుడు నలభై వేల దగ్గరికి వచ్చారు. యాజమాన్యం పేరు మారకుండానే లోపల ఇంత మారిపోయింది. వేలానికి వ్యతిరేకంగా జెండా పట్టినంత గట్టిగా సంఘాలవాళ్లు దీని మీద ఎందుకు పట్టరన్నది నా బాధ.

సర్కారు చేతిలో ఉంటే అంతా బాగుంటుందని కూడా నేను అనను. 1990ల్లో కంపెనీ ఖాయిలా పడి, అలాంటి కంపెనీల సంగతి తేల్చే కేంద్ర బోర్డు బీఐఎఫ్‌ఆర్ దాకా వెళ్లింది. కేంద్ర, రాష్ట్ర ప్రభుత్వాల చేయూత, కార్మికుల శ్రమ కలిస్తేనే గట్టెక్కింది. ఇవాళ తెలంగాణ విద్యుత్ సంస్థలే బొగ్గుకు, సింగరేణి సొంత జైపూర్ ప్లాంటు కరెంటుకు వేల కోట్లు బాకీ పడ్డాయి. కొనేదీ ఓనరూ ఒకరే అయినప్పుడు బాకీ గట్టిగా అడిగేవాళ్లు ఉండరు. ఒడిశాలోని నైనీ బ్లాకును చూడండి. 2015లో సింగరేణికి కేటాయించారు, బొగ్గు బయటికి వచ్చింది 2025లో. పదేళ్లు! ప్రైవేటు కంపెనీ అయితే అంత పెట్టుబడి పెట్టి అన్నేళ్లు ఊరుకునేది కాదు.

ఇవన్నీ తెలిసి కూడా నేను మొదటి దారికే ఓటేస్తాను. సింగరేణి గనుల పక్కనున్న బ్లాకులు వేలం లేకుండా సింగరేణికే ఇవ్వాలి, బొగ్గు తీసే పని సొంత మనుషులతోనే చేయించాలి. డంపర్లు, షావెళ్లు షెడ్డులో నిలబడితే ఖర్చు పెరుగుతుంది, అవి మూడు షిఫ్టులూ తిరిగేలా చూసుకోవాల్సింది అధికారులే. మట్టి పని కాంట్రాక్టుకు ఇవ్వక తప్పదంటే, బొగ్గు గనుల కాంట్రాక్టు కార్మికులకు నిర్ణయించిన హైపవర్ కమిటీ వేతనం, కంపెనీ ఆస్పత్రిలో వైద్యం టెండరు షరతుల్లోనే రాయాలి. 2022 సెప్టెంబరులో కాంట్రాక్టు కార్మికులు సమ్మెకు దిగింది ఆ వేతనం కోసమే. కార్మికుల ఓట్లతో గెలిచిన గుర్తింపు సంఘం యాజమాన్యంతో కూర్చున్నప్పుడు మొదటి డిమాండుగా పెట్టాల్సిందీ అదే.