దిష్టి ధూపానికి ఏది మేలు: ఎండాకా, బంకా, కప్పు సాంబ్రాణా?

ముందే చెప్పేస్తాం. ఇల్లంతా కమ్మటి వాసన రావాలంటే సాంబ్రాణిలాంటి బంక. దిష్టికి, దోమలకు, వానాకాలపు ముక్కవాసనకు ఎండాకు. కప్పు సాంబ్రాణి తప్పనిసరైతేనే.

ఎండాకంటే వేప, వావిలి, తులసి. వావిలినీ తులసినీ మిట్టమధ్యాహ్నపు ఎండలో పరిస్తే వాసననిచ్చే నూనె ఎగిరిపోయి గడ్డి మిగులుతుంది. గాలాడే నీడలో గుడ్డ మీద పలచగా పరిచి, రోజూ తిరగేయండి. ఆకు నలిపితే పొడిపొడి కావాలి, ఈనె పుటుక్కున విరగాలి. ఈనె వంగిందంటే లోపల తడి ఉన్నట్టే. అలాంటిది నిప్పుల్లో వేస్తే కళ్లు మండే చిక్కటి పొగ వస్తుంది, నిప్పూ చల్లారుతుంది. కట్టలు కట్టి వేలాడదీసేవాళ్లు బొటనవేలి లావు దాటనివ్వకండి, నడుమ బూజు పడుతుంది. బూజు పట్టిన ఆకు ధూపానికి పనికిరాదు, పారేయండి. శుక్రవారం, ద్వాదశి నాడు తులసి కోయరు కాబట్టి ఎండు తులసి ముందే సిద్ధంగా ఉండాలి.

బంకల్లో సాంబ్రాణిది తియ్యటి వాసన, ఎక్కువసేపు నిలుస్తుంది. గుగ్గిలం సాలవృక్షపు బంక, పొగ దట్టంగా వస్తుంది. మైసాక్షి అంటే గుగ్గులు మొక్క బంక, జిగటగా ఉండి రోట్లో వేస్తే అంటుకుపోతుంది. కాసేపు ఫ్రిజ్‌లో పెట్టి దంచితే చక్కగా పగులుతుంది. రాజస్థాన్, గుజరాత్‌లలో పెరిగే ఆ మొక్క విచ్చలవిడిగా గాట్లు పెట్టడం వల్ల అంతరించే దశకు చేరింది. రోజువారీ ధూపానికి అది వద్దనే మా మాట, పర్వదినాలకు చిటికెడు చాలు. చవక సాంబ్రాణిలో పైన్ చెట్టు బంక కలుపుతారు. ముక్క అంటించి చూడండి: నల్లటి మసి, టర్పెంటైన్ వాసన వస్తే కల్తీ.

ఏది వేసినా పని చేసేది నిప్పే. చాలామంది తప్పు చేసేదీ ఇక్కడే. ఎర్రగా మండుతున్న బొగ్గు మీద పొడి చల్లితే భగ్గుమని మండి, వాసనకు బదులు మాడు కంపు మిగులుతుంది. కొబ్బరిచిప్ప బొగ్గులు మూడు నాలుగు రాజేసి, పైన బూడిదరంగు నివురు కప్పేదాకా ఆగండి. అప్పుడు పావు చెంచా బంక. అది కరిగి పొగ సన్నబడ్డాక నలిపిన ఆకు చిటికెడు చిటికెడుగా. రెండూ ఒకేసారి వేస్తే కరిగిన బంక ఆకును తడిపేస్తుంది, ఏదీ సరిగా కాలదు.

దిష్టి తీసిన ఎండుమిరపకాయలు, గళ్లుప్పు, ఆవాలు ఈ నిప్పుల్లోనే వేయాలనుకుంటే వీధిలో వేయండి. ఉప్పు, ఆవాలు చిటపటమని ఎగిరిపడతాయి, మొహం దగ్గర పెట్టొద్దు. ఘాటు రాకపోతే దిష్టి గట్టిదని అంటారు. కాయ మంటలో పడితే త్వరగా కాలిపోయి ఘాటు తక్కువ, నివురు నిప్పు మీద నెమ్మదిగా కమిలితే ఎక్కువ అన్నది కూడా గుర్తుంచుకోవాలి. క్షుద్రపూజల పేరుతో కొందరు ఉమ్మెత్త, గన్నేరు కాలుస్తారు. రెండూ విషమే, వాటి పొగ కూడా ప్రమాదం. ఎవరు చెప్పినా వేయొద్దు.

కప్పులో ఉండేది ఎక్కువగా బొగ్గుపొడి, రంపపు పొట్టు, సాంబ్రాణి కొద్దిగానే. మొదటి పొగంతా ఆ పొట్టుదే. కుంపటి రాజేసే వీల్లేని అపార్ట్‌మెంట్‌లో మాత్రం దాన్నే నిప్పుగా వాడుకోవచ్చు: బాల్కనీలో వెలిగించి, మంట ఆరి అంచు తెల్లబడ్డాక గుంటలో అర చెంచా ఎండాకు పొడి వేసి లోపలికి తెండి. కింద మట్టి ప్రమిద తప్పనిసరి, అడుగు బాగా కాలుతుంది. దేనితో వేసినా కిటికీలు తెరిచే ఉంచాలి. పసిపిల్లలు, ఉబ్బసం ఉన్నవాళ్లు పొగ పూర్తిగా పోయాకే ఆ గదిలోకి రావాలి.