ఇరవై ఏళ్లకు పైగా వింటున్న వాన: బ్లాక్ సబ్బాత్ తొలి ఆల్బమ్

2003లో వరంగల్ హాస్టల్లో ఒక సీనియర్ బర్న్ చేసిచ్చిన సీడీలో ఇంగ్లండ్ బృందం బ్లాక్ సబ్బాత్ తొలి ఆల్బమ్ మొదటిసారి విన్నాను. అప్పటికి నా దృష్టిలో మెటల్ (గిటార్ల హోరుతో సాగే రాక్ సంగీతం) అంటే వేగం. వాన, ఉరుము, ఎక్కడో చర్చి గంట, ఆపైన మూడంటే మూడు స్వరాలు... రెండో పాట దాకా కూడా వెళ్లకుండా ఆపేశాను. ఆ సీడీ ఎప్పుడో గీతలు పడి పోయింది. తర్వాత కొనుక్కున్న సీడీ, ఆరేళ్ల కిందట కొన్న ఎల్పీ (పెద్ద గ్రామఫోన్ రికార్డు) మాత్రం ఇప్పటికీ మా ఇంట్లో మోగుతూనే ఉన్నాయి.

ముందు ఆ మూడు స్వరాల సంగతి చెప్పాలి. చిన్నప్పుడు అమ్మ నేర్పిన కాస్త సంగీతంతో చెప్తున్నాను: కింది షడ్జం, పై షడ్జం, అక్కణ్నుంచి ప్రతిమధ్యమానికి దిగి అక్కడే వణుకుతూ నిలబడటం. కల్యాణి రాగంలో మనల్ని హాయిగా ఊపే స్వరమే అది. కాకపోతే అక్కడ గాంధారం, పంచమం దానికి అటూ ఇటూ తోడుంటాయి. ఇక్కడ ఒంటరిగా వదిలేశారు. ఒళ్లు జలదరించేది అందుకే. ఈ సంగతి చెవికి పట్టడానికి నాకు నాలుగైదేళ్లు పట్టింది.

ఆ స్వరాలను గిటార్ మీద వాయించినవాడి చెయ్యి గురించి కూడా తెలియాలి. బర్మింగ్‌హామ్‌లో రేకుల ఫ్యాక్టరీలో పనిచేస్తూ, పదిహేడేళ్ల వయసులో టోనీ ఐయోమీ కుడిచేతి రెండు వేళ్ల కొసలు మిషన్లో పోగొట్టుకున్నాడు. ఎడమచేతివాటం కాబట్టి గిటార్ తీగలు నొక్కాల్సింది ఆ చేత్తోనే. ప్లాస్టిక్ సీసా కరిగించి వేళ్లకు తొడుగులు చేసుకుని, సన్నటి తీగలు కట్టుకుని మళ్లీ మొదలుపెట్టాడు.

1969 అక్టోబర్ 16న లండన్ రీజెంట్ సౌండ్ స్టూడియోలో ఒక్కరోజులో రికార్డు చేసేశారు. మిగతావాళ్లు వాయిస్తుంటే గాయకుడు ఓజీ ఆస్బర్న్ పక్కనున్న చిన్న గదిలో నిలబడి వాళ్లతో పాటే పాడాడు. 1970 ఫిబ్రవరి 13న, శుక్రవారం నాడు విడుదల. ఆ ఒక్కరోజు పని చెమట వాసన రికార్డులో ఇంకా తగులుతుంది.

మంచి స్పీకర్లు కొన్నాకే డ్రమ్మర్ బిల్ వార్డ్ నాకు సరిగ్గా వినపడ్డాడు. అతని చేతుల్లో ఉన్నది జాజ్ ఊపు. ‘ది విజర్డ్’లో ఓజీ మౌతార్గాన్ ఆగిన ప్రతిచోటా డ్రమ్స్ దొర్లుకుంటూ వచ్చి ఆ ఖాళీని నింపుతాయి. నెమ్మది అని నేను విసుక్కున్న పాటల్లో ఇంత కదలిక ఉందని ఫోన్ ఇయర్‌ఫోన్లలో ఎప్పుడూ తెలియలేదు. ‘ఎన్.ఐ.బి.’కి ముందు గీజర్ బట్లర్ బేస్ గిటార్ మీద ఒంటరిగా వాయించే ముక్కకి కూడా పెద్ద స్పీకర్లే కావాలి.

లోపాలూ ఉన్నాయి. ‘ఈవిల్ వుమన్’ క్రో బృందం పాట, ఇక్కడ అతకలేదు. అమెరికా ప్రతిలో దాని బదులు ‘వికెడ్ వరల్డ్’ ఉంటుంది, అది చాలా మేలు. కొనేవాళ్లు రెండూ ఉన్న సీడీ చూసి తీసుకోండి. పది నిమిషాలు దాటే ‘వార్నింగ్’లో గిటార్ సోలో నడుమ దారి తప్పుతుంది, ఇన్నేళ్లయినా నాకు రుచించలేదు. అట్ట మాత్రం ఎల్పీ సైజులోనే చూడాలి: మేపుల్‌డర్‌హమ్ నీటి మిల్లు ముందు నల్లబట్టల్లో నిలబడ్డ ఆ స్త్రీ సీడీ మీద చుక్కంత కనిపిస్తుంది.

2025 జూలైలో, బర్మింగ్‌హామ్‌లో చివరి కచేరీ చేసిన పదిహేడు రోజులకే ఓజీ పోయాడు. వార్త తెలిసిన రాత్రి దీపం ఆర్పి ఎల్పీ పెట్టాను. బయట కూడా వాన పడుతోంది. ఏది రికార్డులోదో, ఏది కిటికీ మీదిదో గంట మోగేదాకా తెలియలేదు.