ఖాళీ బాటిల్ ఎటు వెళ్తే మేలు: డిపాజిట్ యంత్రానికా, పసుపు సంచికా?

యూరప్‌లో ప్యాకేజింగ్ చట్టం మారిన దగ్గర్నుంచి ఒకటే ప్రశ్న పదే పదే వస్తోంది. అక్కడ ఉంటున్న మనవాళ్లూ అడుగుతున్నారు, ఇక్కడ ప్లాస్టిక్ రంగంలో ఉన్నవాళ్లూ అడుగుతున్నారు. ప్లాస్టిక్, లోహపు ప్యాకేజింగ్ అంతా కలిపి వేసి ఇంటి ముందు పెడితే పట్టుకుపోయే పసుపు సంచి ఉండగా, బాటిల్‌కు ముందే డిపాజిట్‌గా డబ్బు కట్టించుకుని, మళ్లీ దుకాణం దాకా మోయించి, యంత్రంలో వేశాకే ఆ డబ్బు తిరిగివ్వడం ఎందుకు? ఒక్క పనికి రెండు వ్యవస్థలు కావాలా?

ఆ కొత్త చట్టం, అంటే యూరోపియన్ యూనియన్ 2025/40 నంబరు నియంత్రణ, 2025 ఫిబ్రవరి 11న అమల్లోకి వచ్చింది, అందులో చాలా భాగం 2026 ఆగస్టు 12 నుంచి వర్తిస్తుంది. మన ప్రశ్నకు సంబంధించిన ముక్క ఇంతే: 3 లీటర్ల లోపు ప్లాస్టిక్ పానీయాల బాటిళ్లు, లోహపు క్యాన్లలో బరువు లెక్కన 90 శాతం 2029 కల్లా విడిగా సేకరించాలి, అందుకు ప్రతి దేశం డిపాజిట్ పద్ధతి పెట్టాలి. 2026లోనే 80 శాతం అందుకున్న దేశం, మిగతా పది ఎలా తెస్తుందో ప్రణాళిక చూపి మినహాయింపు అడగవచ్చు. గాజు ఇందులో తప్పనిసరి కాదు. వైన్, స్పిరిట్లు, పాలకూ మినహాయింపు ఉంది.

ఈ ముక్క దగ్గరే పరిశ్రమ రెండుగా చీలింది. శీతల పానీయాలు, మినరల్ వాటర్ కంపెనీలు చాలాకాలం డిపాజిట్‌ను గట్టిగా వ్యతిరేకించాయి. ఇప్పుడు శీతల పానీయాల సంఘం యునెస్డాతో సహా చాలామంది అటువైపే మొగ్గారు. కారణం సూటిగా ఉంది. పెట్ (నీళ్లు, శీతల పానీయాల బాటిళ్లు చేసే ప్లాస్టిక్) బాటిల్‌లో 2025 నుంచి 25 శాతం రీసైకిల్ ప్లాస్టిక్ ఉండాలి, 2030 నుంచి అది 30 శాతం, 2040కి 65 శాతం. అంత శుభ్రమైన సరుకు ఎక్కడి నుంచి వస్తుందన్నదే వాళ్ల బెంగ. అల్యూమినియం క్యాన్ల తయారీదారులకూ డిపాజిట్ ఇష్టమే. ఎదుటి వైపు తయారీదారులు కట్టే రుసుముతో పసుపు సంచిని నడిపే ‘ఉత్పత్తిదారుల బాధ్యత’ సంస్థలు, చాలాచోట్ల మున్సిపాలిటీలు, దుకాణదారుల సంఘాలు ఉన్నాయి. వాళ్ల వాదనలోనూ పస ఉంది. జర్మనీలో 1990ల మొదటి నుంచి ఇంటింటి సేకరణ నడుస్తోంది, లారీలూ వేరు చేసే ప్లాంట్లూ జనం అలవాటూ అన్నీ ఉన్నాయి. బెల్జియం నీలం సంచితోనే మంచి ఫలితం తెచ్చిందని వాళ్లు ఎప్పుడూ ఉదాహరణ చెబుతారు.

ఎంత వస్తుందన్న లెక్కలో డిపాజిట్‌కు పెద్దగా పోటీ లేదు. లిథువేనియా 2016 ఫిబ్రవరిలో 10 సెంట్ల డిపాజిట్ పెట్టింది. అంతకుముందు మూడోవంతు దగ్గర ఆడిన పెట్ సేకరణ రెండేళ్లు తిరక్కుండా 90 శాతం దాటింది. జర్మనీలో 25 సెంట్ల ఫాండ్ (డిపాజిట్‌కు అక్కడి పేరు) ఉన్న బాటిళ్లలో దాదాపు అన్నీ తిరిగొస్తాయి. స్పెయిన్ ఇంటింటి సేకరణనే నమ్ముకుంది. 2023కి 70 శాతం లక్ష్యం పెట్టుకోగా, ప్రభుత్వం లెక్క తేల్చేసరికి వచ్చింది 41.3 శాతం, దాంతో రెండేళ్లలో డిపాజిట్ పెట్టక తప్పదని అక్కడి చట్టమే చెప్పింది. ఇంట్లో తాగిన నీళ్ల బాటిల్ పసుపు సంచిలోకి వెళ్తుంది. రైల్వే స్టేషన్‌లో, బీచ్‌లో, పనిచేసే చోట తాగినది వెళ్లదు. దానికి 15, 25 సెంట్ల విలువ ఉంటేనే ఎవరో ఒకరు వంగి తీస్తారు.

అయినా నా దృష్టిలో అసలు తేడా శాతంలో లేదు, చేతికొచ్చే సరుకులో ఉంది. బయటి చర్చలో ఇది దాదాపు వినపడదు, రీసైక్లింగ్ ప్లాంట్‌లో మాత్రం రోజూ దీని గురించే గొడవ.

పసుపు సంచిలో వచ్చిన బాటిల్ ప్రయాణం చూడండి. సంచిని యంత్రం చింపుతుంది. తిరిగే జల్లెడ చిన్నవాటిని కిందికి రాల్చేస్తుంది. అయస్కాంతం ఉక్కును లాగేస్తుంది, ఎడ్డీ కరెంట్ (మారే అయస్కాంత క్షేత్రం లోహంలో పుట్టించే విద్యుత్తు) అల్యూమినియాన్ని పక్కకు ఎగరగొడుతుంది. ఆపైన పరారుణ కాంతితో ప్లాస్టిక్ రకాన్ని గుర్తించి, గాలి ఊది ఒక్కోదాన్ని వేరు చేస్తారు. ఇక్కడే తప్పులు మొదలవుతాయి. బాటిల్ నిండా స్లీవ్ (చుట్టూ తొడుగులా ఉండే ప్లాస్టిక్ లేబుల్) తొడిగి ఉంటే కాంతి స్లీవ్‌ను చదువుతుంది, బాటిల్‌ను కాదు. సగం నీళ్లున్న బాటిల్ బరువెక్కి గాలి ఊదినా ఎగరదు. ఇంకోదాని కింద పడ్డది కంటపడనే పడదు. పెట్ అని తేలినవన్నీ కలిసి ఒక బేలు (నొక్కి కట్టిన మోపు) అవుతాయి. ఆ బేలులో నీళ్ల బాటిల్ పక్కనే పాత్రలు తోమే లిక్విడ్ బాటిల్, మౌత్‌వాష్ బాటిల్, లోపల పీఈ (పాలిథిన్) పొర అతికిన మాంసం ట్రే ఉంటాయి.

ఇప్పుడు నిబంధన చూడండి. ఆహారానికి వాడే రీసైకిల్ ప్లాస్టిక్ మీద 2022/1616 నియంత్రణ ఉంది. దాని ప్రకారం యాంత్రిక పద్ధతిలో (కడిగి కరిగించి) మళ్లీ ఆహార ప్యాకింగ్‌కు వెళ్లే పెట్‌లో ఆహారేతర వాడకం నుంచి వచ్చినది 5 శాతం మించకూడదు. డిపాజిట్ యంత్రం బార్‌కోడ్ చదివి, నమోదైన పానీయాల బాటిళ్లనే తీసుకుంటుంది. అంటే ఆ షరతు దుకాణం గుమ్మంలోనే తీరిపోతుంది. పసుపు సంచి సరుకుకు అదే షరతు తీర్చాలంటే ప్లాంట్‌లో ఇంకో విడత వేరు చేయాలి, దాన్ని నమూనాలు తీసి రుజువు చేయాలి, ఆ క్రమంలో మంచి బాటిళ్లు కొన్ని పక్కకు పోతాయి.

తర్వాతి దశలో తేడా మరింత బయటపడుతుంది. బాటిళ్లను సెంటీమీటరు అటూఇటూ ముక్కలు చేసి, వేడినీళ్లూ కాస్టిక్ సోడాతో కడిగి, నీళ్ల తొట్టిలో వదులుతారు. హెచ్‌డీపీఈ, పీపీ అనే తేలిక ప్లాస్టిక్‌ల మూతలు తేలతాయి, నీళ్లకన్నా బరువైన, 1.38 సాంద్రత ఉన్న పెట్ మునుగుతుంది. 2024 జులై 3 నుంచి మూత బాటిల్‌కు అంటుకునే ఉండాలన్న నియమం ఉంది, అది రీసైక్లర్‌కు ఇబ్బంది కాదు, ఇక్కడ మూత తనంతట తనే విడిపోతుంది. ఇబ్బంది పీవీసీతో. దాని సాంద్రత కూడా ఇంచుమించు పెట్‌దే కాబట్టి కలిసి మునుగుతుంది, 270-280 డిగ్రీల కరిగింపులో మాడి నల్లచుక్కలూ పసుపు రంగూ తెస్తుంది. పీఈటీజీ (పెట్‌లో ఓ రకం, తక్కువ వేడికే మెత్తబడేది) స్లీవ్ ముక్కలు డ్రైయర్‌లో మెత్తబడి ఉండలు కడతాయి. పల్చటి ట్రేలు పెళుసు కాబట్టి ఎక్కువ పొడి అయి, కడుగు నీళ్లలో పోతాయి. వచ్చే బేలు ఎంత కలగాపులగంగా ఉంటే ఈ మూడూ అంత ఎక్కువ. అందుకే డిపాజిట్ బేలుకు ఎక్కువ ధర పలుకుతుంది, అందుకే నా మొగ్గు డిపాజిట్ వైపు. బాటిల్ మళ్లీ బాటిల్ కావాలన్నది లక్ష్యం అయినప్పుడు, కలిపి మళ్లీ విడదీయడం కన్నా కలపకపోవడమే చవక.

ఖర్చు ఎవరిదన్న దగ్గర మాత్రం ఎదుటివారి బాధ కొట్టిపారేసేది కాదు. పసుపు సంచిలో రంగులేని పెట్, అల్యూమినియం క్యాన్లే ఎక్కువ డబ్బు తెచ్చేవి. ఆ రెండూ డిపాజిట్‌కు వెళ్లిపోతే సంచిలో పెరుగు కప్పులు, ఫిల్మ్, ట్రేలు మిగులుతాయి. లారీ అదే వీధికి రావాలి, ప్లాంట్ అలాగే నడవాలి, రాబడి మాత్రం తగ్గుతుంది. ఫ్రాన్స్‌లో స్థానిక సంస్థలు దీని మీదే పోరాడాయి, 2023లో ప్రభుత్వం ప్లాస్టిక్ బాటిళ్ల డిపాజిట్ ఆలోచనను పక్కన పెట్టింది. దీనికి సరైన మందు, మిగిలిన ప్యాకేజింగ్ తయారీదారుల రుసుమును దాని అసలు ఖర్చుకు తగ్గట్టు పెంచడం. ఇన్నాళ్లూ నీళ్ల బాటిల్ సంపాదన ఫిల్మ్ ఖర్చును మోసింది. ఆ మోత తీసేస్తే కష్టమైన ప్యాకేజింగ్ ధర దాన్ని తయారు చేసేవాడికే తెలుస్తుంది.

దుకాణదారుల లెక్క వేరు. యంత్రానికి ముందువైపు చోటు, వెనక గదిలో నిల్వకు చోటు, అంటుకునే నేల కడగడానికి మనిషి కావాలి. ఒక్కో బాటిల్‌కు వాళ్లకు నిర్వహణ రుసుము ఇస్తారు, అది సరిపోకపోతే యంత్రం పాడై రోజుల తరబడి అలాగే ఉంటుంది. జర్మనీలో 200 చదరపు మీటర్ల లోపు దుకాణం తాను అమ్మే బ్రాండ్లనే తీసుకుంటే చాలు. ఐర్లండ్‌లో 250 లోపు ఉంటే మినహాయింపు కోరవచ్చు. ఈ సడలింపు న్యాయమే, కానీ హద్దు దాటితే వ్యవస్థ కుంటుతుంది. నెదర్లాండ్స్ 2021లో చిన్న బాటిళ్లకు, 2023లో క్యాన్లకు డిపాజిట్ పెట్టి కూడా 90 శాతానికి చేరలేక ఇబ్బంది పడింది. దుకాణాలన్నిటికీ తీసుకునే బాధ్యత పెట్టకపోవడంతో ఇచ్చే చోట్లు చాలలేదు. పక్కవీధిలో యంత్రం లేకపోతే 15 సెంట్లు పోయినా పర్లేదనుకుంటారు జనం.

తిరిగి రాని డిపాజిట్ సొమ్ము ఎవరి దగ్గర ఉంటుందో తప్పక చూడాలి. జర్మనీలో అది బాటిల్‌ను మొదట మార్కెట్లో పెట్టిన కంపెనీ దగ్గరే ఉండిపోతుంది. ఐర్లండ్, లిథువేనియాల్లో లాభాపేక్ష లేని కేంద్ర సంస్థ ఉంది, ఆ సొమ్ము వ్యవస్థ ఖర్చుకే వెళ్తుంది. రెండోదే మేలు, ఎందుకంటే బాటిల్ రాకపోతే ఎవరికీ లాభం ఉండకూడదు. నార్వే ఇంకో మెట్టు ఎక్కింది. అక్కడ సేకరణ పెరిగే కొద్దీ పర్యావరణ పన్ను తగ్గుతుంది, 95 శాతం అందుకుంటే అసలు ఉండదు.

పరిశ్రమలోనే తేలని తగువు ఇంకోటి ఉంది. డిపాజిట్ వ్యవస్థకు డబ్బు పెట్టింది మేం కాబట్టి ఆ సరుకు మీద మొదటి హక్కు మాదే అంటున్నాయి పానీయాల కంపెనీలు. ట్రేలు, పాలియెస్టర్ దుస్తులు చేసేవాళ్లు బహిరంగ మార్కెట్ కావాలంటున్నారు. మార్కెట్లో పెట్టినంత మేరకు మొదటి హక్కు ఇవ్వడం సబబే అనిపిస్తుంది. బాటిల్ నుంచి ట్రేగానో చొక్కాగానో మారిన పెట్ మళ్లీ బాటిల్‌గా రావడం అరుదు. ఇక రీసైక్లర్ల గోడు వేరే. కొత్త పెట్ ధర పడిపోతే, పైగా బయటి దేశాల నుంచి రుజువులు సరిగా లేని చవక సరుకు వస్తే, ఎంత మంచి బేలు ఇచ్చినా ప్లాంట్ నడవదు. 2024, 2025లో యూరప్‌లో పలు ప్లాంట్లు మూతపడ్డాయి. దీన్ని డిపాజిట్ తీర్చదు, దిగుమతుల తనిఖీయే తీర్చాలి.

మిగతా దారుల గురించి క్లుప్తంగా. మళ్లీ నింపే గాజు సీసా, మన పాత గోలీసోడా పద్ధతి లాంటిది, కడిగే కేంద్రం దగ్గర్లో ఉంటే చాలా మంచిది, వందల కిలోమీటర్లు మోస్తే కాదు. జర్మనీలో బీరు సీసాకు 8 సెంట్లతో ఇది బాగానే నడుస్తోంది. ప్లాస్టిక్‌ను దాని మూల రసాయనాలుగా విడగొట్టే రసాయన రీసైక్లింగ్ ఖరీదు, రంగులేని బాటిల్‌కు దాని అవసరమే లేదు. మామూలు చెత్తలోంచి ఏరిన బాటిల్ విడి సేకరణ లెక్కలోకి రాదు.

యంత్రం ఉన్న ఊళ్లో ఉంటే బాటిల్ నలపకండి, లేబుల్ పీకకండి, ఖాళీ చేసి మూతతోనే వేయండి. బార్‌కోడ్ గానీ, జర్మనీలో ప్రత్యేక సిరాతో ముద్రించే గుర్తు గానీ చదవలేకపోతే యంత్రం తిప్పి పంపుతుంది. వేరే దేశంలో కొన్న బాటిల్‌దీ అదే గతి, అక్కడ కట్టిన డిపాజిట్ ఇక్కడి లెక్కలో ఉండదు. నలపడం యంత్రం పని, ఒకే బాటిల్‌కు రెండుసార్లు డబ్బు తీసుకోకుండా అది లోపలే చదును చేస్తుంది.

80 శాతం చూపి మినహాయింపు కోరే దేశాల విషయంలో, ఆ శాతం లెక్కలో సేకరించిన టన్నులకన్నా దేన్ని దేనితో భాగించారో, అంటే మార్కెట్లోకి వచ్చిన మొత్తం టన్నులను చూడాలి. మార్కెట్లోకి ఎన్ని టన్నుల బాటిళ్లు వచ్చాయో తయారీదారులు చెప్పిందే తీసుకుని, సరిహద్దు దాటి కొనుక్కొచ్చినవీ ఆన్‌లైన్‌లో వచ్చినవీ వదిలేస్తే 70 శాతం కూడా 80లా కనపడుతుంది. దేశాలు 2026 లెక్క ఇచ్చేటప్పుడు యూరోపియన్ కమిషన్ ముందుగా అడగాల్సింది ఆ టన్నుల జాబితానే.