గుంటూరులో క్లబ్బుల కోసం మొక్క నాటిపెట్టే నర్సరీ: మొక్క బాగుంది, గుంత దగ్గరే తేడా

కాలనీ క్లబ్బు తరఫున పార్కుకు ఒక చెట్టు ఇవ్వాలంటే, శివార్లలోని ఈ నర్సరీ మొక్క, రవాణా, గుంత, ఇనుప కంచె కలిపి ఒకే రేటు చెబుతోంది. ఆరడుగుల కానుగ తీసుకున్నాం. మొక్క వరకైతే నిస్సంకోచంగా ఇక్కడే కొనొచ్చు.

కడియం నుంచి వచ్చిన సరుకు. కాండం బొటనవేలంత లావు, నిటారుగా ఉంది, చివుళ్లు ఎండలేదు. అయితే కవరు చించి చూస్తే అడుగున వేళ్లు చుట్టకుదురులా చుట్టుకుపోయి ఉన్నాయి. ఒకే కవర్లో ఎక్కువకాలం ఉంచితే అంతే. అలాగే నాటితే వేళ్లు పక్కలకు పాకవు, చెట్టు ఎదిగాక పెద్ద గాలివానకు మొదలంటా ఒరిగిపోతుంది. అడుగున అంగుళం మందం కోసేయాలి, పక్కల మూడు చోట్ల నిలువునా బ్లేడుతో గాట్లు పెట్టాలి. పనివాళ్లు ఇది చెప్తేగానీ చేయలేదు.

అసలు లోపం గుంతలో ఉంది. గుంటూరు నల్లరేగడిలో అడుగున్నర వెడల్పుతో, గోడలు నున్నగా తవ్వి వదిలేశారు. వాన పడితే అది నీళ్ల తొట్టే, వేరు కుళ్లుతుంది. కనీసం మూడడుగుల వెడల్పు ఉండాలి, గోడల్ని గడ్డపారతో గీరి గరుకు చేయాలి. తవ్విన మట్టిలో రెండు గంపల బాగా మాగిన పశువుల ఎరువు, కిలో వేపపిండి కలిపి నింపాలి. పచ్చి పేడ వేస్తే వేడికి వేళ్లు మాడతాయి, చెదలు కూడా చేరతాయి. కవర్లో మట్టి ఎంత ఎత్తున ఉందో నాటాక కూడా అంతే ఉండాలి. మొదలును లోతుగా పూడ్చడం చాలా చోట్ల జరిగే పొరపాటు.

ఊతకర్రకు బైండింగ్ వైరుతో కట్టారు. అది బెరడును కోసేస్తుంది. గోనెతాడు ఎనిమిది అంకెలా తిప్పి, కాస్త వదులుగా కట్టించండి. క్లబ్బు పేరు బోర్డును కాండానికి మేకు కొట్టనివ్వకండి, కంచెకు కట్టమనండి. శిలాఫలకం కోసం మొదలు చుట్టూ సిమెంటు గద్దె కట్టించడమూ వద్దు, నీరు దిగదు.

తేదీ విషయంలోనూ మాట్లాడుకోవాలి. అందరూ పర్యావరణ దినోత్సవమని జూన్ 5నే కార్యక్రమం పెట్టుకుంటారు. అప్పటికి ఇక్కడ ఎండ తగ్గదు, వానలు నిలకడగా మొదలవవు. 1950 నుంచి జూలై మొదటి వారంలో జరుపుకునే వనమహోత్సవం మన నేలకు నప్పుతుంది. దానికి ముందే కార్పొరేషన్ ఉద్యాన విభాగం అనుమతి తీసుకుని, కింద పైపులైను ఉందేమో అడిగి చోటు ఖరారు చేసుకోండి.

నీళ్లు పోయడం ఈ ప్యాకేజీలో లేదు. వానలు లేని రోజుల్లో వారానికి రెండుసార్లు ఇరవై లీటర్లు, వచ్చే వేసవి దాటేదాకా. రేగడి ఎండితే నెర్రెలిచ్చి లేతవేళ్లను తెంపేస్తుంది. అందుకే పాదులో మూడంగుళాల వరిగడ్డి పరచండి, కాండానికి మాత్రం జానెడు దూరంలో ఆపండి. నీళ్లు ఎవరు పోస్తారో, ఏ కుళాయి నుంచో క్లబ్బు మీటింగులోనే తేల్చుకుని ఆర్డరివ్వండి.