తిరుపతిలో 'పది రోజుల్లో ఐదు కిలోలు' ప్యాకేజీ: డబ్బు కట్టేముందు కాటా సంగతి చూసుకోండి

బరువు తగ్గించే సెంటర్లు ఇప్పుడు మన ఊళ్లో వీధికొకటి వచ్చాయి. అందరూ మోసగాళ్లే అనను. మేం చేరినదాని మీద ఫిర్యాదు నడుస్తోంది కాబట్టి పేరు, వీధి రాయడం లేదు, కానీ వాళ్లు చేసే పని తెలిస్తే ఎక్కడ చూసినా గుర్తుపడతారు.

అసలు కిటుకంతా కాటా దగ్గరే. చేరేరోజు సాయంత్రం రమ్మన్నారు. టిఫిన్ తిని, నీళ్లు తాగి, జీన్స్ ప్యాంటుతోనే ఎక్కించి ఆ బరువును కార్డు మీద రాసుకున్నారు. తర్వాత ప్రతిసారీ తెల్లవారుజామున పరగడుపున, పల్చటి బట్టలతో రావాలి. మనిషి బరువు ఒక్కరోజులోనే కిలో, రెండు కిలోలు అటూఇటూ అవుతుంది, అంటే భోజనం బదులు తాగమని వాళ్లు అమ్మే పొడి డబ్బా మూత తీయకముందే సగం రిజల్టు వాళ్ల కార్డులో ఉన్నట్టే. దానికి తోడు అన్నం, సంగటి ఆపిన వెంటనే ఒంట్లో గ్లైకోజన్ రూపంలో నిల్వ ఉన్న చక్కెర ఖర్చవుతుంది, గ్రాము గ్లైకోజన్‌తో పాటు దాదాపు మూడు గ్రాముల నీళ్లు కూడా పోతాయి. మొదటి వారం కాటా మీద కనిపించే తగ్గుదలలో ఎక్కువ భాగం ఆ నీళ్లే. మళ్లీ మామూలుగా తిన్నారంటే తిరిగొస్తాయి.

ఒక లెక్క చెప్తాను, మీరే చూడండి. కిలో కొవ్వు కరగాలంటే సుమారు 7700 కేలరీల లోటు పడాలి. పది రోజుల్లో ఐదు కిలోలంటే రోజుకు 3850. మామూలు ఆడమనిషి రోజంతా ఖర్చు పెట్టేదే 2000కి అటూఇటూ, అంటే పూర్తిగా పస్తులుండి, రోజూ అలిపిరి మెట్లు 3550 ఎక్కి కొండకు పోయొచ్చినా ఈ లెక్క తేలడం కష్టం! ఇది అడిగితే 'మీరు నెగెటివ్‌గా ఆలోచిస్తున్నారు అక్కా' అన్నాడు కోచ్.

ఇంకో మెషిన్ ఉంటుంది, చేతుల్తో పట్టుకుంటే కొవ్వు శాతం, 'మీ శరీరం వయసు' అని ఏవేవో చెప్తుంది. అది సన్నటి కరెంటు పంపి ఒంట్లో నీటిని బట్టి అంచనా వేసేది మాత్రమే, నీళ్లు తాగి పట్టుకుంటే ఒకలా, చెమట పట్టాక పట్టుకుంటే ఇంకోలా వస్తుంది. మా ఆడబిడ్డకి నలభై కూడా నిండలేదు, యాభై ఆరు చూపించి టెన్షన్ పెట్టి ఇంకో డబ్బా అంటగట్టారు.

ఇవన్నీ డబ్బుతో పోయే విషయాలు, నాకు నిజంగా కోపం వచ్చింది మాత్రం మా అత్త సంగతిలో. ఆమెకు షుగర్ ఉంది, గ్లిమెపిరైడ్ మాత్ర వేసుకుంటుంది. చేరేటప్పుడు మందులు ఏం వాడుతున్నారని ఒక్కరూ అడగలేదు, ఉదయం, రాత్రి భోజనం మాన్పించి షేక్ తాగమన్నారు. తిండి తగ్గించి ఆ మాత్ర యథాప్రకారం వేసుకుంటే షుగర్ పడిపోతుంది, అదే జరిగింది. ఒళ్లంతా చెమటలు, చేతులు వణుకు, మాట తడబడింది. ఇంట్లో మెషిన్‌తో చూస్తే 58, చక్కెర నీళ్లు తాగించి డాక్టర్ దగ్గరికి పరుగెత్తాం, ఆయన మాత్ర డోసు మార్చారు. సెంటర్‌కి ఫోన్ చేసి చెప్తే 'టాక్సిన్లు బయటికి పోతున్నాయి ఆంటీ, మంచి లక్షణమే' అంట. షుగర్, బీపీ మాత్రలు వేసుకునేవాళ్లు దయచేసి మీ డాక్టర్‌ని అడగకుండా ఇలాంటి డైట్ మొదలుపెట్టొద్దు.

జిప్ కవర్లో పేరు లేని క్యాప్సూల్స్ కూడా ఇచ్చారు, మేం వాడలేదు. ఆకలి తగ్గించే సిబుట్రమైన్ అనే మందు గుండెకు ప్రమాదమని మన దేశంలో 2011లోనే నిషేధించారు, అయినా స్లిమ్మింగ్ పొడుల్లో దొంగచాటుగా కలిపి అమ్ముతూ చాలా దేశాల్లో పట్టుబడ్డారు. లేబుల్ లేనిది ఎవరిచ్చినా ముట్టుకోవద్దు. డబ్బా మీద ఆహార భద్రతను చూసే కేంద్ర సంస్థ ఇచ్చే 14 అంకెల ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ నంబర్ ఉండాలి, సప్లిమెంట్ అయితే మందుగా వాడేది కాదని కూడా రాసి ఉండాలి. అలా రాసి ఉన్న డబ్బాని చేతిలో పట్టుకునే 'థైరాయిడ్ తగ్గిపోతుంది' అంటారు, విడ్డూరం.

బిల్లు అడిగితే తెల్లకాగితం మీద 9,000 అని రాసిచ్చారు. ముగ్గుర్ని చేర్పిస్తే మీ డబ్బు తిరిగొచ్చినట్టే అన్నారు. కట్టేటప్పుడు బిల్లు పట్టుబట్టి తీసుకోండి, ఫోన్‌పేలో కట్టి ఆ స్క్రీన్‌షాట్ దాచుకోండి, చెప్పిన హామీ వాట్సాప్‌లో రాయించుకోండి. మోసం అనిపిస్తే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేయొచ్చు, జిల్లా వినియోగదారుల కమిషన్‌లో ఐదు లక్షల లోపు కేసుకి ఫీజు కూడా లేదు.

బరువు చూసుకోవాలంటే ఇంట్లో ఒక కాటా పెట్టుకుని వారానికోసారి, పొద్దున్నే టాయ్‌లెట్‌కి వెళ్లొచ్చాక, అదే రకం బట్టలతో ఎక్కండి. నడుము కొలత టేపుతో రాసుకోండి, ఆడవాళ్లకి 80 సెంటీమీటర్లు, మగవాళ్లకి 90 దాటకూడదు. వారానికి అర కిలో తగ్గితే చాలు, దాన్ని నెమ్మది అనుకోవద్దు.

మా విషయానికొస్తే, సీలు తీయని డబ్బాకి సగం డబ్బు ఇస్తామని నోటి మాట చెప్పారు. కాగితం మీద రాసివ్వమన్నాం, అప్పటినుంచి ఫోన్ ఎత్తడం లేదు.