సైన్స్ పాఠం: ప్యానెల్ మీద చూపించాలా, పిల్లల చేతికివ్వాలా?

ఆరో తరగతిలోనో ఏడులోనో విద్యుత్ వలయం పాఠం చెప్పాలంటే ఇప్పుడు టీచరు ముందు మూడు దారులున్నాయి. తరగతి గదిలో పెట్టిన పెద్ద టచ్ స్క్రీన్ ప్యానెల్ మీద వీడియో వేయొచ్చు. బల్ల మీద తానే ప్రయోగం చేసి చూపించొచ్చు. లేదంటే సెల్, బల్బు, వైరు ముక్కలు పిల్లల చేతికిచ్చి వెలిగించమనొచ్చు. సైన్స్ పాఠాలు చెప్పేవాడిగా నా ఓటు మూడోదానికే, అయితే అన్ని పాఠాలకూ కాదు.

ముందు ప్యానెల్ సంగతి. నాడు-నేడు పథకం కింద బాగుచేసిన ఆంధ్రప్రదేశ్ ఉన్నత పాఠశాలల్లో ఇవి వచ్చాక కొన్ని పాఠాలు చెప్పడం చాలా తేలికైంది. సుద్దముక్కతో గుండె బొమ్మ గీసి, నాలుగు గదులు చూపించి, బాణం గుర్తులు ఎన్ని పెట్టినా కవాటాలు తెరుచుకుని మూసుకోవడం పిల్లల కళ్లకు కట్టదు. వీడియోలో అర నిమిషంలో తెలిసిపోతుంది. కణ విభజన, అగ్నిపర్వతాలు కూడా అంతే. తరగతి గదిలోకి తేలేనివాటికీ, కంటికి ఆననివాటికీ ప్యానెల్‌ను మించింది లేదు.

బల్బు వెలగడం దగ్గరే తేడా వస్తుంది. వీడియోలో బల్బు ప్రతిసారీ వెలుగుతుంది. పిల్లలు "అర్థమైంది సార్" అంటారు, నిజంగానే అర్థమైందనుకుంటారు. అదే పిల్లల చేతికి ఒక సెల్, ఒక టార్చి బల్బు, కొసలు ఒలిచిన రెండు వైర్లు ఇచ్చి చూడండి. హోల్డర్ మాత్రం ఇవ్వొద్దు. చాలామంది రెండు వైర్లనూ బల్బు అడుగున ఉండే బొడిపెకే ఆనిస్తారు. వెలగదు. "సార్, మాది మాడిపోయిన బల్బు" అంటారు. ఇంకోటి ఇచ్చినా వెలగదు. అటూ ఇటూ తిప్పి చూస్తుండగా ఎవరో ఒకరు ఒక వైరును పక్కనున్న లోహపు తొడుగుకు తాకిస్తారు. వెలుగుతుంది! ఫిలమెంటు ఒక కొస బొడిపెకూ రెండోది తొడుగుకూ కలిసి ఉంటుందని అప్పుడు చెప్పండి, ఇక మర్చిపోరు. మరొకరు బల్బు లేకుండానే సెల్ రెండు చివరలనూ ఒకే వైరుతో కలిపేస్తారు. వైరు వేడెక్కి వేలు చురుక్కుమంటుంది. షార్ట్ సర్క్యూట్ గురించి మాట్లాడటానికి అంతకన్నా మంచి సమయం దొరకదు.

టార్చి బల్బులు దొరకకపోతే ఎల్ఈడీలు తెచ్చుకోవచ్చు. వాటితోనూ నేర్చుకోవాల్సింది చాలానే ఉంది. 1.5 వోల్టుల సెల్ ఒక్కటే పెడితే ఎర్ర ఎల్ఈడీ వెలగదు, దానికి దాదాపు 2 వోల్టులు కావాలి. రెండు సెల్స్ పెట్టినా కాళ్లు తారుమారైతే వెలగదు. కరెంటు ఒక్క దిశలోనే పోనిచ్చే వస్తువు ఒకటుందని పిల్లలు తమంతట తామే కనిపెడతారు.

టీచరు చేసి చూపించే ప్రయోగానికి నేను చిన్న చోటే ఇస్తాను. సోడియం ముక్కను నీళ్లలో వేయడం, గాఢ సల్ఫ్యూరిక్ ఆమ్లాన్ని కొంచెం కొంచెంగా నీళ్లలో పోయడం పిల్లలకు వదిలేసే పనులు కావు. మిగతావి బల్ల మీద చేస్తే ముందు వరసకే కనపడతాయి.

పిల్లల చేతికిస్తే గోల ఎక్కువ, పీరియడ్ చాలదు, సిలబస్ కదలదు అనే మాటలో నిజముంది. కానీ అసలు అడ్డు పరీక్ష. మన పదో తరగతి పబ్లిక్‌లో ప్రాక్టికల్స్ లేవు. ప్రశ్నకు సమాధానం రాస్తే చాలు, బల్బు వెలిగించక్కర్లేదు. మధ్యప్రదేశ్‌లోని హోషంగాబాద్ జిల్లాలో 1972లో 16 బడుల్లో మొదలైన సైన్స్ బోధన కార్యక్రమం ఈ ముడి విప్పింది. కిశోర్ భారతి, ఫ్రెండ్స్ రూరల్ సెంటర్ అనే సంస్థలు మొదలుపెట్టాయి, తర్వాత ఏకలవ్య అనే సంస్థ అందుకుంది. పల్లెటూరి ప్రభుత్వ బడి పిల్లలే గుంపులుగా కూర్చుని ప్రయోగాలు చేసేవారు. పరీక్షకు పుస్తకం వెంట తెచ్చుకోనిచ్చేవారు, ప్రాక్టికల్ పరీక్ష కూడా ఉండేది. 2002లో రాష్ట్ర ప్రభుత్వం దాన్ని ఆపేసింది. నాకిది ఇప్పటికీ బాధే. ఏళ్ల తరబడి వందల బడుల్లో నడిచిన పనిని ఇక మనవల్ల కాదని ఎవరూ అనకూడదు.

అన్నీ చేయించలేకపోయినా వరస మార్చొచ్చు. ముందు చేతికివ్వాలి, వీడియో తర్వాత వేయాలి. జవాబు ముందే చూసేసిన పిల్లాడు వెతకడు. వెతికి విసిగినవాడు మాత్రం ఫిలమెంటు వీడియోను కన్నార్పకుండా చూస్తాడు.

బడికి కొంచెం డబ్బొస్తే బీరువాలో తాళం వేసి పెట్టే పెద్ద కిట్టు కొనొద్దు. నలుగురి గుంపుకు రెండు సెల్స్, రెండు బల్బులు, మూరెడు వైరు చాలు. ఎల్ఈడీలైతే వెంట 100 ఓమ్‌ల నిరోధకం (రెసిస్టర్) కూడా ఇవ్వాలి, లేకుంటే మాడిపోవచ్చు. గోడ మీదున్న ప్లగ్గు జోలికి ఎవరూ వెళ్లకూడదని మాత్రం మొదటి రోజే గట్టిగా చెప్పాలి.